ఎవరి నాడె వారికే

"నా మెషీన్‌లో మంచిగనే నడుస్తుందన్నా."

ఈ మాట మీరు ఎన్నిసార్లు అని ఉంటారు? పాన్‌గల్‌లో బస్సెక్కి వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఆ తర్వాత హైదరాబాద్‌లో బీటెక్, చివరికి మాదాపూర్‌లో ఉద్యోగం. మన వైపు పిల్లలు చాలామంది నడిచే దారి ఇదే. ఉద్యోగంలో మీకు ఒక పని అప్పగించారు. పత్రాల మీద డిజిటల్ సంతకం చేసే సర్వీస్ రాయాలి. రాశారు, టెస్ట్ చేశారు, సంతకం సరిగ్గా వచ్చింది, లైవ్‌లోకి వెళ్లింది. మూడో రోజు ఫోన్ మోగింది. "కొన్ని పత్రాల సంతకం తప్పు అని చూపిస్తోంది. అదే పత్రాన్ని మళ్లీ పంపితే బాగానే ఉంటోంది."

ఆ క్షణాన మనసులో ఏమొస్తుంది? నాకు క్రిప్టోగ్రఫీ రాదు, ఈ లెక్కలు నాకు ఎక్కవు, ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకే ఇది చేతనవుతుంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. నా మొదటి ఉద్యోగంలో సరిగ్గా ఇదే జరిగింది. మొదట నెట్‌వర్క్‌ను అనుమానించాను, తర్వాత సర్టిఫికెట్‌ను, ఆ తర్వాత నన్ను నేనే అనుమానించుకున్నాను. వారం తర్వాత ఒక రాత్రి లాగ్ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంటే, తప్పు పడిన ప్రతిచోటా రెండు వరుసలకు ఒకే మిల్లీ సెకండు ఉండడం కనిపించింది. తప్పు లెక్కలో లేదు. రెండు థ్రెడ్లు ఒకే వస్తువును ఒకేసారి పట్టుకున్నాయి, అంతే.

కాబట్టి ముందుగా ఈ భయం వదిలేయండి. ఈ అధ్యాయంలో మీకు కావాల్సింది గణితం కాదు. ఏది పంచుకోవచ్చు, ఏది పంచుకోకూడదు అని అడిగే అలవాటు మాత్రమే.

ఇది చిన్న విషయం కాదని కూడా తెలుసుకోండి. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. 2011లో మీసేవ వచ్చాక కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు తహసీల్దార్ డిజిటల్ సంతకంతోనే చేతికొస్తున్నాయి. జూన్, జూలైలో అడ్మిషన్ల వేళ మన మండల కేంద్రంలో మీసేవ ముందు ఎంత మంది నిలబడతారో మీరు చూసే ఉంటారు. ఏ కంపెనీలో రాసినా, ఇలాంటి సంతకం చేసే ప్రోగ్రాం అవతల చివర ఒక తండ్రి, ఆయన కొడుకు, ఒక ఆఖరి తేదీ ఉంటాయి. ఆ పత్రం చెల్లదని కాలేజీ కౌంటర్‌లో తేలితే, తప్పు ఎవరిదో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పరు.

అసలు లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. జావాలో 'సిగ్నేచర్' అనే ఆబ్జెక్ట్‌తో సంతకం చేయడం మూడు మెట్ల పని. ముందు తాళపు చెవి, అంటే ప్రైవేట్ కీ ఇవ్వాలి, తర్వాత 'అప్‌డేట్'తో పత్రాన్ని లోపలికి పంపాలి, చివరగా 'సైన్' అనాలి. మీరు ఆ ఆబ్జెక్ట్‌ను క్లాసులో ఒక ఫీల్డ్‌గా పెట్టి, మొదట్లోనే ఒకసారి చెవి ఇచ్చి వదిలేశారనుకోండి. మొదటి థ్రెడ్ ఆదాయ పత్రాన్ని లోపలికి పంపింది. అది 'సైన్' అనేలోపే రెండో థ్రెడ్ వచ్చి కుల పత్రాన్ని అందులోకే పంపింది. ఇప్పుడు మొదటి థ్రెడ్ 'సైన్' అంది. ఏమొచ్చింది? రెండు పత్రాలనూ కలిపి అతికించిన దాని మీద సంతకం. 'సైన్' కాగానే ఆబ్జెక్ట్ ఖాళీ అవుతుంది. ఆ వెంటనే రెండో థ్రెడ్ 'సైన్' అంది. దానికి దక్కింది ఏమీ లేని ఖాళీ మీద సంతకం.

ఇక్కడ ఎర్రర్ ఎక్కడైనా వచ్చిందా? లేదు. రెండూ నిఖార్సైన సంతకాలే, కాకపోతే రెండూ తప్పు వస్తువు మీద పడ్డాయి. పగిలిన కుండ చప్పుడు చేస్తుంది, ఇది చేయదు. క్రిప్టోగ్రఫీలో థ్రెడ్ తప్పు మిగతా తప్పులకంటే ప్రమాదకరం అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

గద్వాల చీర నేసే మగ్గం దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా? చీర నడుమ నూలు, అంచు పట్టు. నడుమకు ఒక నాడె, అటూ ఇటూ అంచులకు చెరొక నాడె, మొత్తం మూడు. మగ్గం మీద ఇద్దరు మనుషులు. ప్రతి వరుసలోనూ నడుమ పేక వెళ్లి అంచు పేకను మెలేసి పట్టుకుంటుంది. ఆ అతుకునే కుప్పడం అంటారు. ఇద్దరు నేస్తున్నా పడుగు మాత్రం ఒక్కటే. నేత మొదలు కాకముందే దాన్ని బిగించి పెడతారు, మొదలయ్యాక దారాలు మార్చరు. నాడె సంగతి వేరు, అందులో నడుస్తున్న దారం ఉంటుంది. నూలు నాడెలోకి నడిమధ్యలో పట్టు దారం వచ్చి చేరితే ఆ వరుస పాడైనట్టే.

మీ ప్రోగ్రాంలో కూడా పడుగు ఉంది, నాడె ఉంది. వాటిని విడదీయడమే మన పని.

1. ముందు పడుగేదో, నాడేదో రాసుకోండి

కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. తయారయ్యాక మారనివి ఎడమ వైపు రాయండి. ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ, సర్టిఫికెట్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అన్ని సెట్టింగులూ పూర్తయిన 'ఎస్‌ఎస్‌ఎల్ సీటీఎక్స్' అటు వస్తాయి. ఇవి పడుగు. ఒకసారి బిగించాక అన్ని థ్రెడ్లూ నిశ్చింతగా పంచుకోవచ్చు. కాకపోతే సర్వర్ నడుస్తుండగా వాటి సెట్టింగులు మార్చకండి.

పని నడుస్తుండగా లోపల ఏదో గుర్తుపెట్టుకునేవి కుడి వైపు రాయండి. జావాలో సైఫర్, మెసేజ్‌డైజెస్ట్, మ్యాక్, సిగ్నేచర్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 'ఈవీపీ ఎండీ సీటీఎక్స్', 'ఈవీపీ సైఫర్ సీటీఎక్స్', ఒక్కో కనెక్షన్‌కు ఉండే 'ఎస్‌ఎస్‌ఎల్' ఆబ్జెక్ట్. ఇవి నాడెలు. షా-256 డేటాను 64 బైట్ల ముక్కలుగా తీసుకుంటుంది, ముక్క నిండేదాకా మిగిలిన బైట్లను తన దగ్గరే దాచుకుంటుంది. మీ బైట్లు దాచుకున్న చోట పక్క థ్రెడ్ తన బైట్లు పోస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మరి జావాలోని సెక్యూర్‌ర్యాండమ్? దానికీ లోపల నడుస్తున్న స్థితి ఉంది, అయినా పంచుకోవచ్చు. తాళం లోపలే ఉండేలా దాన్ని రాశారు, ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అనుమానం వస్తే ఊహించకండి, డాక్యుమెంటేషన్ తెరవండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు థ్రెడ్ల కోసం ఒక పేజీనే కేటాయించారు.

"ఈ లైబ్రరీ థ్రెడ్ సేఫ్" అన్న వాక్యం చదివి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ మాటకు అర్థం లైబ్రరీ తన సొంత సామాను తాను కాపాడుకుంటుందని. మీరు సృష్టించి చేతిలో పట్టుకున్న ఆబ్జెక్ట్‌ను కాపాడే పూచీ అది తీసుకోలేదు. ఎక్కువమంది దెబ్బతినేది ఈ ఒక్క వాక్యం దగ్గరే.

2. నాడెను వాడే చోటే పుట్టించండి

ఫంక్షన్ లోపల సృష్టించండి, అక్కడే వాడండి, అక్కడే వదిలేయండి. బయటి ఫీల్డ్‌లో పెట్టకండి, స్టాటిక్‌లో అసలే పెట్టకండి. స్ప్రింగ్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మీరు వేరేగా చెప్పకపోతే స్ప్రింగ్ ప్రతి బీన్‌నూ ఒక్కటే తయారుచేసి అన్ని అర్జీలకూ (రిక్వెస్టులకూ) దాన్నే వాడుతుంది. మీరు స్టాటిక్ అని రాయకపోయినా ఆ క్లాసులోని సైఫర్ ఫీల్డ్ ఊరుమ్మడి బావే.

"ప్రతిసారీ కొత్తది సృష్టిస్తే నెమ్మది కాదా?" అని మీ సీనియర్ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆర్‌ఎస్‌ఏ సంతకం చేయడానికి పట్టే సమయం ముందు ఆబ్జెక్ట్ సృష్టించే సమయం లెక్కలోకి రాదు. చిన్న చిన్న హ్యాష్‌లు లక్షల్లో చేస్తుంటే మాత్రం తేడా తెలియవచ్చు. అప్పుడు కొలవండి. కొలిచి, అంకె చేతిలో పట్టుకుని మాట్లాడండి. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0లో దీనికి చక్కని దారి ఉంది. ఏ అల్గారిథం కావాలో ప్రోగ్రాం మొదట్లోనే ఒకసారి 'ఫెచ్' చేసి దాన్ని అందరికీ పంచండి, కాంటెక్స్ట్ మాత్రం ఎవరిది వారికి ఇవ్వండి. పడుగు ఒకటి, నాడెలు వేరు.

ప్రతి థ్రెడ్‌కూ ఒక ఆబ్జెక్ట్ దాచిపెట్టే 'థ్రెడ్‌లోకల్' ఇంకో దారి. రెండు హెచ్చరికలు. ఒకటి, మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఆ సైఫర్ సగం పనితో మిగిలిపోవచ్చు, తర్వాతి అర్జీకి వాడే ముందు మళ్లీ 'ఇనిట్' చేయండి. రెండు, 2023లో జావా 21తో వచ్చిన వర్చువల్ థ్రెడ్లు వాడుతుంటే థ్రెడ్‌లోకల్ వల్ల లాభం లేదు. ఒక్కో పనికి ఒక్కో థ్రెడ్ పుట్టి పోతుంది, దాచుకున్నది ఎవరికీ ఉపయోగపడదు.

3. తాళం వేయక తప్పకపోతే, పని మొత్తానికి వేయండి

మన చెరువుల కింద నీరటి ఎందుకుంటాడు? తూము ఒక్కటే, పొలాలు చాలా. ఎవరికి వారు వచ్చి తూము తిప్పుకుంటే చివరి మడికి చుక్క చేరదు. నీరటి ఒక మడి పూర్తిగా తడిసేదాకా ఉండి, ఆ తర్వాతే పక్క మడికి నీళ్లు మళ్లిస్తాడు.

సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ అలాంటి తూమే. అది ఒక్కటే ఉంటుంది, మీ కోసం పది పుట్టవు. అలాంటి పరికరాలతో మాట్లాడే పీకేసీఎస్ 11 పద్ధతిలో ఒక సెషన్ మీద ఒక సంతకం పని నడుస్తుండగా ఇంకొకటి మొదలుపెడితే, ముందు పని ఇంకా నడుస్తోందని ఎర్రర్ వస్తుంది. అదే పద్ధతిలో, మొదట్లోనే "నేను చాలా థ్రెడ్ల నుంచి వాడతాను" అని ఒక ఫ్లాగ్ ద్వారా చెప్పాలి. చెప్పకపోతే ఒక్క థ్రెడే వస్తుందని టోకెన్ లైబ్రరీ అనుకుంటుంది. ఆ ఫ్లాగ్ ఇచ్చారో లేదో ఈరోజే చూసుకోండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. చెవి ఇచ్చే పనికి ఒక తాళం, అప్‌డేట్‌కు ఒక తాళం, సైన్‌కు ఇంకో తాళం వేస్తారు. మూడు చోట్లా 'సింక్రనైజ్డ్' అని కనిపిస్తుంది కాబట్టి కోడ్ రివ్యూలోనూ దాటిపోతుంది. కానీ అప్‌డేట్ తాళం తీసి సైన్ తాళం వేసే మధ్యలో పక్క థ్రెడ్ దూరదా? తప్పకుండా దూరుతుంది. పైన చూసిన రెండు పత్రాల కథ అక్షరం పొల్లుపోకుండా మళ్లీ జరుగుతుంది. మొదటి మెట్టు ఎక్కేముందు తాళం వేయండి, మూడో మెట్టు దిగాక తీయండి. ఎక్సెప్షన్ వచ్చినా తాళం తెరుచుకునేలా 'ఫైనల్లీ'లో పెట్టండి. తాళాలు రెండు ఉంటే ప్రతిచోటా ఒకే వరుసలో వేయండి. లేదంటే ఒకరి చేతిలోది ఇంకొకరికి కావాల్సి వచ్చి ఇద్దరూ అలాగే నిలబడిపోతారు.

4. నాన్స్‌ను ప్రాణంలా చూసుకోండి

ఈ చిట్కా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఏఈఎస్ జీసీఎం వాడుతున్నారా? ప్రతి సందేశానికీ సాధారణంగా 12 బైట్ల నాన్స్ ఒకటి ఇస్తారు. ఒకే కీతో ఒకే నాన్స్ రెండుసార్లు వాడకూడదు. వాడితే ఏమవుతుంది? ఆ రెండు రహస్య సందేశాలనూ ఎక్స్ఓఆర్ చేస్తే, అసలు సందేశాల రెండింటి ఎక్స్ఓఆర్ బయటపడుతుంది. ఒకదానిలో ఏముందో తెలిసినవాడికి రెండోది చదవడం చిటికెలో పని. అంతకంటే ఘోరం, సందేశం మార్చలేదని హామీ ఇచ్చే లోపలి కీ కూడా బయటపడే దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత నకిలీ సందేశాలు తయారుచేసి పంపొచ్చు.

ఇప్పుడు మీ కోడ్ చూడండి. నాన్స్ కోసం ఒక కౌంటర్ పెట్టి, ప్రతిసారీ ఒకటి కలుపుతున్నారా? ఒకటి కలపడం చూడటానికి ఒక్క పని, ప్రాసెసర్‌కు మాత్రం మూడు పనులు: చదవడం, కలపడం, రాయడం. రెండు థ్రెడ్లూ 41 అని చదివాయి. రెండూ 42 అని రాశాయి. రెండు సందేశాలు 42తోనే వెళ్లిపోయాయి. అవతలివాడు రెండింటినీ సరిగ్గానే డిక్రిప్ట్ చేసుకుంటాడు, ఫిర్యాదు రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. కనిపెట్టేది మీ మీద కన్నేసినవాడొక్కడే.

జావాలో 'అటామిక్‌లాంగ్' వాడండి, ఆ మూడు పనులూ ఒక్కటైపోతాయి. సర్వర్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే అదీ చాలదు, ఎందుకంటే రెండు సర్వర్లూ చెరొక కౌంటర్‌ను ఒకటి నుంచే మొదలుపెడతాయి. ఒక్కో సర్వర్‌కు ఒక్కో కీ ఇవ్వండి, లేదా నాన్స్‌లో కొన్ని బైట్లు సర్వర్ గుర్తు కోసం కేటాయించండి. సర్వర్ ఆగి మళ్లీ లేచినప్పుడు కౌంటర్ ఎక్కడి నుంచి మొదలవుతుందో కూడా చూసుకోండి.

5. వెర్షన్ ఎంతో అడగండి

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 వరకు తాళాల బాధ్యత మనదే. లాకింగ్ కాల్‌బ్యాక్ మనమే రాసి లైబ్రరీకి ఇవ్వాలి. ఇవ్వకపోతే లోపలి సామాను కూడా థ్రెడ్ల మధ్య నలిగిపోయేది. 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0 నుంచి లైబ్రరీ తన తాళాలు తానే వేసుకుంటోంది. ఆ పాత కాల్‌బ్యాక్‌లు ఇప్పుడు రాసినా ఏ పనీ చేయవు. 1.0.2కు అందరికీ ఇచ్చే మద్దతు 2019 చివరితోనే ముగిసింది. మీ దగ్గర పాత సర్వర్ ఏదైనా ఇంకా దాని మీదే నడుస్తోందా? ఆ ప్రశ్న అడిగే ధైర్యం చేయండి. కొత్తగా చేరినవాడు అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కర్లేదు.

6. ఫోర్క్ అయ్యే సర్వర్లను మరవకండి

ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రాం తన నకలును తానే పుట్టించడం. తల్లి జ్ఞాపకం మొత్తం పిల్లకు వస్తుంది, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే యంత్రం స్థితితో సహా. జాగ్రత్త పడకపోతే తల్లీ పిల్లా ఒకే 'రహస్య' సంఖ్యను ఇస్తాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1లో దీనికి రక్షణ రాశారు. కానీ అది మామూలుగా వాడేటప్పుడు పనిచేయడం లేదని తర్వాత తేలింది. 2019 సెప్టెంబర్‌లో 1.1.1డీతో సరిచేశారు. అంత అనుభవం ఉన్నవాళ్ల చేతిలోనే జారిన విషయమిది. మీ చేతిలో జారినందుకు కుంగిపోకండి, సరిచేయండి.

7. ఒక్కరితో పరీక్షించి ఊరుకోకండి

మీ మెషీన్‌లో బాగానే ఎందుకు నడిచింది? మీరు ఒక్కరే బటన్ నొక్కారు కాబట్టి. ఇలా చేయండి. ఎనిమిది థ్రెడ్లు పెట్టండి. ఒక్కోదానికి వేరు వేరు పత్రాలు ఇవ్వండి. అన్నీ ఒకేసారి బయల్దేరేలా 'కౌంట్‌డౌన్‌ల్యాచ్'తో ఆపి వదలండి. ఒక్కోటి పది వేల సార్లు సంతకం చేయాలి, వచ్చిన ప్రతి సంతకాన్నీ పబ్లిక్ కీతో సరిచూడాలి. ఒక్కటి తప్పినా పరీక్ష తప్పినట్టే. సీ, సీ ప్లస్ ప్లస్ వాళ్లు 'థ్రెడ్ శానిటైజర్'తో కంపైల్ చేసి నడపండి. ప్రోగ్రాం ఐదు నుంచి పదిహేను రెట్లు నెమ్మదిస్తుంది, అయినా ఏ రెండు థ్రెడ్లు ఏ వరుసలో గుద్దుకున్నాయో వేలు పెట్టి చూపిస్తుంది. గో వాళ్లకు 'రేస్' ఫ్లాగ్ ఉండనే ఉంది.

ఇంకొక్క మాట. ఎర్రర్ వస్తే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించేలా రాసి, "సమస్య పోయింది" అని టికెట్ మూసేయకండి. నేను మొదట్లో అదే చేశాను. ఫిర్యాదులు తగ్గాయి, తప్పు సంతకాలు తగ్గలేదు. ఎర్రర్ చెప్పిన చోట మళ్లీ ప్రయత్నించాం, ఎర్రర్ చెప్పని చోట తప్పు సంతకం జనం చేతికి వెళ్లింది.

రేపు ఆఫీసుకు వెళ్లగానే, ఇంకే పనీ ముట్టుకోకముందు, మీ ప్రాజెక్టులో సైఫర్, మెసేజ్‌డైజెస్ట్, మ్యాక్, సిగ్నేచర్ అన్న నాలుగు పేర్లూ వెతకండి. ఫంక్షన్ లోపల ఉన్నవాటిని వదిలేయండి. ఫీల్డ్‌గా, స్టాటిక్‌గా ఉన్న ప్రతిదాని ఫైలు పేరు, వరుస నంబరు కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని మీ టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లి, "అన్నా, వీటిని రెండు థ్రెడ్లు ఒకేసారి పట్టుకుంటే ఏమైతది?" అని అడగండి.